ఎవరూ పిలవని చెయ్యి

టోపీకి అరవై నాలుగు కన్నాలు.
ఒక్కో కన్నంలోంచి చల్లటి జెల్లు
నా నెత్తి మీదకి దించుతోంది త్రీను,
నారు పోసే ఓపికతో.
కదలొద్దు అంటుంది, వెంటనే నాలిక కరుచుకుంటుంది.
పర్లేదమ్మా,
నలభై నాలుగేళ్ళుగా వింటున్న మాటే.

బయట తార్తు ఊరంతా ఫిబ్రవరి.
దీవి నుంచి పడవ, పడవ దిగి బస్సు.
ఒక గ్లవ్వు నాకంటే ముందే
ఏదో స్టాపులో దిగిపోయింది.

నిరుడు మా అబ్బాయిని చూపించడానికి వెళితే
డాక్టరు వాడితో మాట్లాడుతూనే
బల్ల కింద ఊగుతున్న నా మోకాలి వంక చూశాడు.
ఏడీహెచ్‌డీ అనే పేరు ఆ రోజు
ఇంటికి ఇద్దరం తెచ్చుకున్నాం.

ఇక్కడ పని చిన్నదే.
చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరంవేలు, చిటికెనవేలు
వరసగా బొటనవేలికి తాకించాలి. ఎడంచేత్తో మాత్రమే.
టిక్కు టిక్కుమని ఒక చప్పుడు కాసేపు తోడొస్తుంది,
తర్వాత అది ఆగిపోతుంది,
నేను ఆగకూడదు.

తోడున్నంతసేపూ బుద్ధిగా నడిచాను.
అది ఆగాక ఐదో చుట్టులో
చిటికెనవేలు ముందుకు ఉరికింది.
ఉంగరంవేలు
గోడ మీది చెమ్మ మరక చూస్తూ ఉండిపోయింది.
అచ్చం మా ముహు దీవే, దక్షిణపు మొనతో సహా.

అప్పుడు కనబడింది, బల్ల కింద
నా కుడిచెయ్యి.
దాన్నెవరూ పిలవలేదు.
ఒళ్ళో పడుకోవాల్సిందల్లా
ఎడంచెయ్యి ఏం చేస్తే అదే చేస్తోంది చాటుగా,
పక్కవాడు పాఠం అప్పజెబుతుంటే
పెదాలు కదిపే పిల్లలా.

మూడో తరగతిలో సాల్మె టీచరు
ఆ చేతిని తొడ కింద పెట్టించి కూర్చోబెట్టేది.
గంట కొట్టేసరికి తిమ్మిరెక్కి
ఎవరిదో చెయ్యి నాకు అతికించినట్టు వేలాడేది.
కుదురు లేని పిల్ల, అని ఎర్రసిరాతో రాసి పంపింది.
అమ్మమ్మ ఆ కాగితం చదివి పొయ్యిలో వేసి
ఊలు బంతి ఇచ్చి అల్లమంది.
ఆ చేతితొడుగు ఇంకా దాచాను.
దానికి బొటనవేళ్ళు రెండు.

త్రీను తెర ఇటు తిప్పింది.
గాలికి లేచిన అలల్లాంటి గీతలు.
ఎడంచెయ్యి కదిలితే మెదడులో కుడి పక్క పని చెయ్యాలట,
ఎడమ పక్క గమ్మునుండాలట.
"మీకు అది కూడా లేచి కూర్చుంటోంది.
మధ్యలో తలుపు వెయ్యాల్సిన వాళ్ళు
కాస్త ఆలస్యంగా వస్తున్నారేమో" అని, ఆగి,
"మీ ఒక్కరితో ఏమీ తేలదు,
ఇంకా యాభైమంది రావాలి" అంది.
నచ్చింది నాకు ఆ పిల్ల.

మోకు సంగతి చెబుదామనుకున్నాను.
విర్త్సు రేవులో పడవ ఒడ్డుకి ఒరుగుతుంటే
ఇరవై ఏళ్ళుగా విసిరేది నేనే.
మంచు కట్టిన డెక్కు, కళ్ళల్లో కొట్టే గాలి,
మధ్యలో నాలుగు బారల నల్లనీళ్ళు.
అప్పుడు ఏ వేలూ మరకలు చూడదు.
ఒళ్ళంతా ఒకే చెయ్యి.
ఉచ్చు వెళ్ళి గుంజ మెడలో పడుతుంది,
పడిందా అని కెప్టెన్ తల కూడా తిప్పడు.
అదే నేను ఇంటికొచ్చి
టీ కప్పుని బల్ల అంచుకి ఒక అంగుళం ఇవతల, గాల్లో పెడతాను.

కుండకి కావాలి కుదురు. పడవకెందుకు?

ఇదేదీ చెప్పలేదు. జెల్లు చెవిలోకి జారుతోంది,
పైగా సగంలో ఏదో మర్చిపోయాను.
ఆమె మీట నొక్కి, ఈసారి కుడిచేత్తో అంది.
సరే అన్నాను.
టిక్కు టిక్కు మొదలైంది.
కుడిచెయ్యి బల్ల మీదకి వచ్చేలోపే
ఒళ్ళో ఎడంచెయ్యి
రెండో వేలు దాటేసింది.